పరంగిమల సైనికాధికారుల శిక్షణాలయం: చరిత్ర, సంప్రదాయం

షోళింగనల్లూరుకు ఉత్తర దిక్కున, విమానాశ్రయానికి చేరువలో ఉన్న పరంగిమల చెన్నపట్టణ వాసులందరికీ సుపరిచితమే. ఈస్టిండియా కంపెనీ కాలం నుండి అది దండు ప్రదేశం. 1759లో ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి అచ్చట పోరు జరిగినది. పిదప అది మద్రాసు ఫిరంగి దళానికి స్థావరమైనది. నేటి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ఆ ప్రాంతంలోనే ఉన్నది.

ఈ విద్యాలయం విజయవేళ పుట్టినది కాదు. 1962లో చైనాతో జరిగిన యుద్ధం మన సైన్యంలోని అధికారుల కొరతను బయటపెట్టినది. ఆ కొరతను సత్వరం తీర్చడానికై 1963లో మద్రాసులోను, పూనాలోను ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూళ్లను నెలకొల్పారు. అత్యవసర కమిషను పేరిట యువకులను చేర్చుకొని, కొద్దికాలంలో తీర్చిదిద్ది పంపడమే వాటి పని. పూనా పాఠశాల త్వరలోనే మూతపడినది. మద్రాసు పాఠశాల మాత్రం 1965 నుండి షార్ట్ సర్వీస్ కమిషను అధికారులకు శిక్షణనిస్తూ నిలిచినది. 1988లో దానికి అకాడమీ అను పేరు వచ్చినది. అవసరానికి వెలసిన పాఠశాల అలా శాశ్వత సంస్థ అయినది.

“గౌరవంతో సేవ చేయుము” అన్నది ఈ సంస్థ ధ్యేయవాక్యం. కొద్ది సంవత్సరాల కొలువుకై వచ్చినవారు సైతం ఆ మాటకు ప్రాణమే మూల్యంగా చెల్లించారు. 1972లో ఇచ్చటి నుండి అధికారియై వెళ్లిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబరు 25న శ్రీలంకలో, రొమ్మున తూటా తగిలినప్పటికీ ప్రత్యర్థి తుపాకిని లాగుకొని పోరాడి అసువులు బాసారు. మరణానంతరం పరమవీరచక్ర లభించినది. అకాడమీ కవాతు మైదానానికి ఆయన పేరే పెట్టారు. మన హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఇచ్చట శిక్షణ పొంది, 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో, తాను గాయపడి కదలలేని స్థితిలో తనను విడిచి ముందుకు సాగుడని సైనికులను ఆజ్ఞాపించారు. ఆయనకు మరణానంతరం మహావీరచక్ర లభించినది.

1992లో మరొక ద్వారం తెరచుకొన్నది. 25 మంది యువతులు శిక్షణకు చేరి, 1993 మార్చిలో అధికారిణులైనారు. వారికి తొలుత విధించిన గడువు 5 సంవత్సరాలే. ఆ గడువు క్రమేణా 14 సంవత్సరాలకు పెరిగినది గాని, పలు విభాగాలలో శాశ్వత స్థానం మాత్రం దక్కలేదు. అందుకై వారు ఏళ్ల తరబడి న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చినది. ఈ నడుమనే 2010లో దివ్య అజిత్ కుమార్ సర్వప్రథమ శిక్షణార్థికి ఇచ్చే గౌరవ ఖడ్గాన్ని అందుకొన్న తొలి మహిళ అయినారు. తుదకు 2020 ఫిబ్రవరి 17న సర్వోన్నత న్యాయస్థానం మహిళలకు శాశ్వత కమిషను ఇవ్వవలెనని తీర్పు చెప్పినది. 2023 ఏప్రిల్‌లో ఇచ్చటి నుండి ఐదుగురు యువతులు తొలిసారిగా ఫిరంగి దళంలో చేరారు. ఒకనాటి ఫిరంగి దళ స్థావరానికి ఇది సముచిత గౌరవమే.

శిక్షణ ముగిసిన దినాన కవాతు అనంతరం తల్లిదండ్రులే బిడ్డల భుజాలపై నక్షత్రాలను అలంకరించడం ఇచ్చటి ఆచారం. ఆ నక్షత్రాలకు ఇంటి సంపద, వంశం ప్రమాణాలు కావు. అత్యవసరమని, అల్పకాలమని తెరచిన ద్వారాలను శాశ్వతం చేసినవారు అందులో ప్రవేశించిన సామాన్య గృహాల బిడ్డలే. మాతృభాషలో చదువుకొంటున్న మన బాలబాలికలు గ్రహించవలసిన పాఠం ఇదే. లభించిన అవకాశం చిన్నదైనను, దానిని నిలబెట్టేది అందుకొన్నవారి యోగ్యతయే.