గోల్డెన్ త్రెషోల్డ్, వెలివాడ: ఒకే విశ్వవిద్యాలయపు రెండు ఇళ్లు

గోల్డెన్ త్రెషోల్డ్ హైదరాబాద్‌లోని చారిత్రక భవనం. సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన ఇల్లు. 1905లో లండన్‌లో వెలువడిన ఆమె తొలి కవితా సంపుటి పేరే దీనికి స్థిరపడింది. ఉస్మానియా విద్యార్థులు తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగితే నడిచి చేరుకోవచ్చు.

సరోజిని తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన బ్రహ్మసమాజి. నిజాం కాలేజీగా ఎదిగిన విద్యాసంస్థకు తొలి ప్రిన్సిపాల్. 1898లో సరోజిని బ్రాహ్మణేతరుడైన డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడును పెళ్లాడారు. మద్రాసులో ఆ పెళ్లి జరిపించింది కందుకూరి వీరేశలింగం. ఆ రోజుల్లో అది చిన్న తెగింపు కాదు. అందుకే ఈ ఇంటిని సంస్కరణకు గుర్తుగా చెబుతారు.

అయితే ఆ సంస్కరణ ఏ గడప దాకా వచ్చి ఆగిందన్నది కూడా అడగాలి. ఇదే నగరంలో 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి, అంటరాని కులాల పిల్లలకు బడులు నడిపారు. నగర చరిత్ర చెప్పేటప్పుడు ఆయన పేరు ఎన్నిసార్లు వినిపిస్తుంది?

1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో గోల్డెన్ త్రెషోల్డ్ నుంచే పనిచేసింది. తర్వాత గచ్చిబౌలికి తరలింది. భవనం మాత్రం సరోజిని స్మృతిగా విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంది.

ఆ గచ్చిబౌలి క్యాంపస్‌లోనే మరో ఇల్లు వెలిసింది. హాస్టల్ నుంచి బహిష్కరించిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో ఆరుబయట గుడారం వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. గోడలకు బదులు అంబేడ్కర్, ఫూలేల బొమ్మలున్న ఫ్లెక్సీలు. ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. తర్వాతి కాలంలో యాజమాన్యం వెలివాడను తొలగించింది.

ఇల్లు మ్యూజియం కావాలంటే ముందు ఇల్లు నిలవాలి. భూమి, పట్టా, వారసులు, ప్రభుత్వ అండ ఉన్న ఇల్లే నిలుస్తుంది. ఊరి చివరకు నెట్టేసిన వాళ్లకు అవన్నీ ఎక్కడివి? గోల్డెన్ త్రెషోల్డ్‌ను కాపాడటం తప్పు కాదు. దాని పక్కన వెలివాడ ఊసే లేకపోవడం తప్పు.

కాబట్టి పని మనదే. ఆనాటి కరపత్రాలు, ఫొటోలు, ఫ్లెక్సీలు, అక్కడ పడుకున్నవాళ్ల మాటలు ఎవరి దగ్గర ఏమున్నా తేదీ, చోటు రాసి భద్రపరచాలి. గోడలు లేని ఇంటికి అవే గోడలు.