చేంజ్ రిక్వెస్టుల ప్రాధాన్య నిర్ణయం

నడుస్తున్న సర్వర్‌లోనో అప్లికేషన్‌లోనో నెట్‌వర్క్‌లోనో మార్పు చేయడానికి అనుమతి కోరుతూ పెట్టే అర్జీ చేంజ్ రిక్వెస్ట్. పెద్ద సంస్థల్లో ఇవి గుట్టలుగా పేరుకుంటాయి. మార్పు చేయగల మనుషులూ, సేవలు ఆపడానికి దొరికే వేళలూ మాత్రం కొద్ది. వాటిలో ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడమే ప్రాధాన్య నిర్ణయం. ఈ రంగంలోని పదజాలం చాలావరకు ఐటీ సేవల నిర్వహణ మార్గదర్శకాలైన ఐటిల్ నుంచి వచ్చింది. 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ సీసీటీఏ దీనికి శ్రీకారం చుట్టింది.

ప్రాధాన్యాన్ని సాధారణంగా రెండు కొలతలతో లెక్కిస్తారు. మార్పు ఎంతమందిని, ఎంత ముఖ్యమైన పనిని తాకుతుందో చెప్పేది ఇంపాక్ట్. ఎంతకాలం ఆగవచ్చో చెప్పేది అర్జెన్సీ. రెండూ కలిపి చూసి పీ1, పీ2 వంటి అంకెలు వేస్తారు. ఈ అంకె ఒకసారి వేస్తే నిలిచిపోయేది కాదు. ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త పన్ను శ్లాబులను జీతాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలన్న రిక్వెస్ట్ ఫిబ్రవరిలో కాస్త ఆగగలదు, మార్చి చివరి వారంలో ఆగలేదు. ఇంపాక్ట్ అదే, గడువు దగ్గరపడింది. పాత రిక్వెస్టులను మళ్లీ తిరగేయని చోట వరుస త్వరలోనే అబద్ధమవుతుంది.

ప్రాధాన్యాన్నీ రిస్కునూ కలగలిపేయడం తరచుగా జరిగే పొరపాటు. ఎప్పుడు చేయాలో మొదటిది చెబుతుంది, ఎంత జాగ్రత్తగా, ఎవరి అనుమతితో చేయాలో రెండోది. తొందర లేని పనిలోనూ పెద్ద రిస్కు ఉండొచ్చు. బ్రిటన్‌లో 2012 జూన్‌లో ఆర్‌బీఎస్ బ్యాంకు తన బ్యాచ్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌కు చేసిన అప్‌గ్రేడ్ పైకి మామూలు నిర్వహణ పనే. అది దెబ్బతిని దాదాపు 65 లక్షల మంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. 2014లో బ్యాంకుపై 5.6 కోట్ల పౌండ్ల జరిమానా పడింది.

ఐటిల్ మార్పులను మూడు రకాలు చేస్తుంది. ముందే అనుమతి ఉన్న, రిస్కు తక్కువ పనులు స్టాండర్డ్. మదింపు చేసి అనుమతించేవి నార్మల్. వీటిలో పెద్దవాటిని చాలా సంస్థల్లో క్యాబ్ అనే సలహా మండలి ముందు పెడతారు. ఆగడానికి వీల్లేనివి ఎమర్జెన్సీ. మూడోదానికి దారి దగ్గర కాబట్టి ప్లాన్ చేయక ఆలస్యమైన పనులూ ఎమర్జెన్సీ వేషంలో అందులో దూరుతాయి.

సరైన అంకె వేసినంత మాత్రాన పని అయిపోదని చెప్పడానికి అమెరికాలోని క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ ఉదంతం చాలు. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్ లోపానికి 2017 మార్చి 7న ప్యాచ్ విడుదలైంది. మార్చి 9న సంస్థ లోపల హెచ్చరిక మెయిల్ వెళ్లింది. నిబంధన ప్రకారం 48 గంటల్లో ప్యాచ్ వేయాలి. ఒక పోర్టల్ మాత్రం అలాగే మిగిలిపోయింది. మే నుంచి జులై దాకా చొరబాటుదారులు అక్కడి నుంచే దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు తరలించుకుపోయారు. ఏ సర్వర్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో చెప్పే జాబితా సరిగ్గా లేకపోతే పీ1 ముద్ర ఉన్న రిక్వెస్ట్ కూడా చేరాల్సిన చోటికి చేరదు.

వరుస కుదిరాక మార్పు విండో, అంటే మార్పు చేయడానికి వీలైన వేళ, వెతకాలి. పండగ అమ్మకాలు, సంవత్సరాంత లెక్కల రోజుల్లో చాలా సంస్థలు ఫ్రీజ్ విధించి, అత్యవసరమైనవి తప్ప అన్నిటినీ ఆపేస్తాయి. మిగతా రోజుల్లో వాడకం తక్కువుండే రాత్రులు, వారాంతాలే దిక్కు. అమెరికా క్లయింట్ల శనివారం రాత్రి విండో హైదరాబాద్ బృందాలకు ఆదివారం ఉదయపు డ్యూటీ అవుతుంది.