ఇంటర్‌కూలర్ పైపుకి హీట్ ర్యాప్ చుట్టాలా? స్పిట్‌ఫైర్ విమానం చెప్పే జవాబు

"అన్నా, టర్బో కారులో ఇంటర్‌కూలర్ పైపులకి హీట్ ర్యాప్ చుట్టిస్తే పికప్ పెరుగుతుందా?" ఈ మధ్య నన్ను తెగ అడుగుతున్న ప్రశ్న ఇది. ఆ పైపు అసలు కారులోకి ఎందుకొచ్చిందో తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

సైకిల్ పంపు కొట్టాక దాని అడుగు భాగం ముట్టుకుని చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అంతే. టర్బో చేసేదీ అదే పని. 27 డిగ్రీల గాలిని రెట్టింపు ప్రెషర్‌కి నొక్కితే, మామూలు టర్బోలో అది దాదాపు 120 డిగ్రీలకి చేరుతుంది. వేడి గాలి పలచగా ఉంటుంది, పవర్ తగ్గుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఏంటంటే, సిలిండర్‌లో మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. ముదిరితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

టర్బోకి స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ గాలిని చల్లబరచడం ప్రాణాల మీదికొచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో. 1941లో జర్మనీ ఫోకె వుల్ఫ్ 190 ని దించింది. బ్రిటన్ వాళ్ల స్పిట్‌ఫైర్ మార్క్ 5 దాని ముందు తేలిపోయింది. పైలట్లు చనిపోతున్నారు. రోల్స్ రాయిస్ జవాబు మెర్లిన్ 61 ఇంజిన్: గాలిని ఒకసారి కాదు, రెండుసార్లు నొక్కే సూపర్‌చార్జర్. రెండుసార్లు నొక్కితే వేడి ఎంతుంటుందో ఊహించండి! అందుకే సూపర్‌చార్జర్‌కీ సిలిండర్లకీ మధ్య, లోపల కూలెంట్ తిరిగే ఇంటర్‌కూలర్ పెట్టారు. 1942లో ఆ ఇంజిన్‌తో స్పిట్‌ఫైర్ మార్క్ 9 వచ్చింది, ఎత్తుల్లో పోటీ మళ్లీ సమానమైంది. గమనించండి, ఇంటర్‌కూలర్‌ని ఇంజిన్‌కే అంటించినట్టు పెట్టారు. పొడవాటి పైపులే లేవు.

కార్లవాళ్లకి ఈ పాఠం లేటుగా ఎక్కింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ టర్బోతో వచ్చింది, ఇంటర్‌కూలర్ మాత్రం లేదు. బదులుగా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మేవాళ్లు. దానికో ట్యాంకు, అది అయిపోతే మళ్లీ నింపాలి. ఎవరు నింపుతారండీ? ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ తగ్గిపోయేది. 1963తో ఆ కారు కథ ముగిసింది. 1978లో పోర్షా 911 టర్బో 3.3 వెనక రెక్క కిందే, ఇంజిన్ మీదే ఇంటర్‌కూలర్ పెట్టింది.

ఇక ర్యాప్ సంగతి. దాని తాత ఆవిరి యంత్రాల పైపులకి చుట్టిన ఆస్‌బెస్టాస్. ఎందుకు చుట్టారు? లోపలి వేడి బయటికి పోకుండా. మరి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే పైపులో గాలి ఎలాగూ బానెట్ కింది గాలి కంటే వేడిగా ఉంటుంది. దానికి ర్యాప్ చుడితే, పోయే కాస్త వేడిని కూడా మనమే ఆపినట్టు. చుట్టొద్దు.

ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే చల్ల పైపు వేరు. అక్కడ బయటి వేడి లోపలికి దూరుతుంది. ఎంత? చిన్న లెక్క. 2 లీటర్ల ఇంజిన్, 6000 ఆర్‌పీఎం, ఫుల్ బూస్ట్: సెకనుకి సుమారు 100 లీటర్ల గాలి. మీటరు పొడవు, 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైపు దాటడానికి 30 మిల్లీసెకన్లు. నా పాత ఆఫీసులో డేటాబేస్ కూడా అంత ఫాస్ట్‌గా జవాబిచ్చేది కాదు! అంత తక్కువ టైంలో గాలి పెద్దగా వేడెక్కదు. అదే మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడితే, గాలి ఆ పైపులో దాదాపు ఇరవై రెట్లు ఎక్కువసేపు ఉంటుంది, పైపే కాలిపోతుంటుంది. గ్రీన్ పడ్డాక మొదటి కొన్ని సెకన్లు ఆ తేడా ఉండొచ్చు. పైపు ఎగ్జాస్ట్ పక్కగా వెళ్తుంటే మెరిసే రిఫ్లెక్టివ్ టేప్ వేయండి, తప్పులేదు. జాయింట్ల దగ్గర రబ్బరు హోస్‌ల మీద మాత్రం వద్దు, గాలి లీకైతే కనపడదు.

నేనైతే ముందు వేడి పుట్టే చోటే ఖర్చు పెడతాను: టర్బో వేడి వైపుకి బ్లాంకెట్, ఎగ్జాస్ట్‌కి హీట్ షీల్డ్. ఫోక్స్‌వాగన్ 1.0 టీఎస్‌ఐ లాంటి ఇంజిన్ మీదైతే ఆ ర్యాప్ రోలు కొనకముందే బానెట్ ఎత్తి చూడండి. వాళ్లు ఇంటర్‌కూలర్‌ని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే దూర్చేశారు, స్పిట్‌ఫైర్‌లో లాగే నీళ్లతో చల్లబడుతుంది. మీరు చుట్టాలనుకున్న చల్ల పైపు అక్కడ లేనే లేదు.