ఇంజనీరింగ్ విద్యలో సామాజిక దృక్పథం: భారతదేశ చరిత్ర

సాంకేతికత సమాజాన్ని ఎలా మారుస్తుందో, సమాజం దాన్ని ఎలా మలుస్తుందో ఇంజనీరింగ్ విద్యార్థులకు బోధించే ప్రయత్నం భారతదేశంలో ప్రధానంగా ఐఐటీలతో మొదలైంది. అంతకుముందు, 1847లో ప్రారంభమైన రూర్కీ కళాశాల వంటివి ప్రభుత్వ కాలువలు, రోడ్ల పనులకు కావలసిన ఇంజనీర్లను తయారుచేసేవి. ఆ కాలువ ఎవరి పొలం తడుపుతుందన్నది పాఠంలో భాగం కాదు.

నళినీ రంజన్ సర్కార్ కమిటీ 1946లో అమెరికాలోని ఎంఐటీ నమూనాలో ఉన్నత సాంకేతిక సంస్థలు నెలకొల్పాలని సూచించింది. యుద్ధానంతరం ఎంఐటీ కూడా తన చదువును సమీక్షించుకుంది. 1949 నాటి లూయిస్ కమిటీ నివేదిక తరువాత 1950లో అక్కడ మానవీయ, సామాజిక శాస్త్రాలకు ప్రత్యేక స్కూలు ఏర్పడింది. 1951లో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీలోనూ, తరువాతి ఐఐటీల్లోనూ ఈ శాస్త్రాలకు విభాగాలు వచ్చాయి. అయితే ఆర్థికశాస్త్రం ఒక గదిలో, యంత్ర రూపకల్పన మరో గదిలో సాగాయి. విద్యార్థి లోకజ్ఞానం పెరిగి ఉండవచ్చు. డిజైన్ పాఠం మాత్రం పెద్దగా మారలేదు.

ఆ రెండు గదులనూ కలిపిన ప్రయత్నం తరగతి బయట జరిగింది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య కుమార్ రెడ్డి 'అస్త్ర' కేంద్రాన్ని ప్రారంభించారు. ఆయన విద్యుత్ రసాయన శాస్త్రవేత్త. గ్రామీణ ప్రాంతాలకు శాస్త్ర సాంకేతికతలను అందించడం ఈ కేంద్రం లక్ష్యం. తుమకూరు జిల్లా పుర గ్రామంలో వంటగ్యాస్ కోసం కేంద్రం వారు సామూహిక గోబర్‌గ్యాస్ ప్లాంటు కట్టారు. యంత్రంలో లోపం లేదు. కానీ ఊరంతటికీ వంట గ్యాస్ ఇవ్వడానికి పేడ చాలలేదు. 1987 నుంచి అదే గ్యాస్‌తో విద్యుత్తు తీసి, తాగునీరు తోడి, ఇళ్లలో దీపాలు వెలిగించారు. పేడ తెచ్చి ఇచ్చినవారికి డబ్బు చెల్లించారు. ఊరి అవసరమే డిజైన్‌ను మార్చిందన్నమాట. ఈ విషయాన్ని ఇంతకంటే బాగా చెప్పే పాఠం మన సిలబస్‌లలో అరుదు.

ఇదే దారిలో 1985లో బొంబాయి ఐఐటీలో గ్రామీణ ప్రాంతాల కోసం 'సితార' కేంద్రం ఏర్పడింది. అక్కడ సాంకేతికత, అభివృద్ధి అనే అంశంపై ఎంటెక్ కూడా వచ్చింది.

మిగతా కళాశాలల్లోకి మార్పు ఎక్కువగా ఆదేశాల రూపంలో వచ్చింది. పర్యావరణ పాఠాన్ని తప్పనిసరి చేయాలని ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ద్వారా భారత్, ఇంజనీరింగ్ పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తిస్థాయి సభ్యదేశమైంది. బోర్డు అప్పట్లో నిర్దేశించిన 12 ఫలితాల్లో 'ఇంజనీరు, సమాజం' ఒకటిగా ఉండేది. కళాశాలల్లో అది తరచు 'సీఓ-పీఓ మ్యాపింగ్' (కోర్సు ఫలితాలను ప్రోగ్రామ్ ఫలితాలతో జతచేసే) పట్టికలో అంకెగా మిగిలిపోయేది.

తెలుగు నేలపై చెప్పుకోదగ్గది హైదరాబాద్ జేఎన్‌టీయూ ప్రవేశపెట్టిన జెండర్ పాఠం. దాని కోసం రూపొందిన ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ ప్రచురించింది. భావి ఇంజనీర్లకు ఇలాంటి విషయం తెలుగులోనూ అందడం విశేషం.

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ఇచ్చిన నమూనా సిలబస్‌లో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. అందులో మేనేజ్‌మెంటుతో కలిపి మానవీయ, సామాజిక శాస్త్రాలకు 12. పర్యావరణం, రాజ్యాంగం పాఠాలు అందులో తప్పనిసరే గాని, వాటికి క్రెడిట్లు ఇవ్వలేదు.