రోగాన్ని తీసుకుపోయే తెల్లకుక్క

పాఠకులారా, ఒడిలో ఇమిడే తెల్లని బొచ్చుకుక్కను పెంచుకోవాలని మీకున్నదా? అయితే ఇంగ్లండు రాజవైద్యుడు జాన్ కీస్ 1570లో లాటిన్‌లో ప్రచురించిన శునక గ్రంథాన్ని ఒకసారి తలచుకోవాలి. మాల్టా ద్వీపం పేరిట ప్రసిద్ధమైన చిట్టికుక్కలను ఆయన అందులో మొదట ఎగతాళి చేశాడు. అవి ఎంత చిన్నవైతే అంత మోజనీ, స్త్రీలు వాటిని గుండెకు హత్తుకొని తిరుగుతారనీ అన్నాడు. అంతలోనే ఆయనలోని వైద్యుడు మేలుకొన్నాడు: పొట్టకు ఆనిస్తే వాటి వెచ్చదనం బాధను తగ్గిస్తుందట! అంతవరకు సబబే, మన వేడినీళ్ల సంచి చేసే పనీ అదే. కానీ రోగం మనిషిని విడిచి కుక్కలో ప్రవేశిస్తుందనీ, పైకి ఏ దెబ్బా తగలకుండానే అవి జబ్బుపడి చనిపోవడం అందుకు రుజువనీ వ్రాశాడు. ఆ వాదంలో కుక్కకు తనదైన జబ్బుకు చోటే లేదు.

జబ్బులు వాటికీ ఉన్నాయి. సుమారు 3 కిలోలు తూగే మాల్టీస్ జాతిలో మోకాటిచిప్ప జారడం, చిగుళ్ల వ్యాధి తరచుగా కనిపిస్తాయి. కొనే ముందే పశువైద్యుని చేత పరీక్ష చేయించండి. నిత్యం బొచ్చు దువ్వే తీరిక మీకున్నదో లేదో కూడా చూసుకోండి. నిజానికి మనం భయపడవలసిన వ్యాధి ఎదురుదారిలో, కుక్కనుండి మనిషికి వస్తుంది. రేబీస్ టీకా ఏటా వేయించండి. ముద్దులకుక్క పంటిగాటైనా సరే, సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుని వద్దకు వెళ్లండి.