మధుమేహంలో వినికిడి లోపం: కోక్లియా జీవక్రియ చెబుతున్నదేమిటి?

మధుమేహం ముదిరితే కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు దెబ్బతింటాయని మన ఊళ్లలో షుగరున్న ప్రతివారికీ తెలుసు. చెవి సంగతి మాత్రం ఎవరూ అడగరు. పెద్దాయన టీవీ శబ్దం పెంచితే ఇంట్లోవాళ్లు వయసు మీదికి నెట్టేస్తారు. మధుమేహ రోగికి చేసే పరీక్షల్లో వినికిడి పరీక్షకూ చోటు ఉండాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఇందుకు మొదటి ఆధారం లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగమైన కోక్లియా పనితీరులోనే ఉంది. అందులోని ఎండోలింఫ్ ద్రవంలో పొటాషియం మెండుగా ఉంటుంది. అక్కడ సుమారు 80 మిల్లీవోల్టుల ధన విద్యుత్ పొటెన్షియల్ నిలిచి ఉంటేనే రోమకణాలు శబ్ద కంపనాన్ని నాడీ సంకేతంగా సక్రమంగా మార్చగలవు. దాన్ని నిలబెట్టేది స్ట్రియా వాస్కులారిస్ అనే పొర. కేశనాళికలు దట్టంగా అల్లుకున్న ఈ పొర అయాన్లను ఎడతెగకుండా తోడుతుంది కనుక దానికి ఆక్సిజన్, గ్లూకోజు నిరంతరం అందాలి. కోక్లియాకు రక్తం దాదాపు ఒకే ధమని శాఖల ద్వారా వస్తుంది. అది సన్నగిల్లితే ఆదుకునే మరో దారి లేదు. టైప్ 2 మధుమేహంతో మరణించినవారి లోపలి చెవి ఉండే కణత ఎముకలను పరిశీలించినప్పుడు స్ట్రియా రక్తనాళాల గోడలు మందంగా మారడం, ఆ పొర క్షీణించడం, బాహ్య రోమకణాలు తగ్గడం కనిపించాయి. రెటీనాలోనూ మూత్రపిండంలోనూ మనం చూసే సూక్ష్మనాళ వ్యాధి స్వభావం ఇదే.

జనాభా సర్వేలూ ఇటే చూపుతున్నాయి. అమెరికాలో 1999–2004 మధ్య జరిగిన జాతీయ ఆరోగ్య, పోషణ సర్వే విశ్లేషణ 2008లో వెలువడింది. వయసు ప్రభావాన్ని సర్దుబాటు చేశాక కూడా, తక్కువ, మధ్యస్థ పౌనఃపున్యాల్లో వినికిడి లోపం మధుమేహం ఉన్నవారిలో 21 శాతం, లేనివారిలో 9 శాతం. హెచ్చు పౌనఃపున్యాల్లో 54, 32 శాతం. ఒకే సమయంలో తీసిన లెక్కలు కనుక ఇవి కార్యకారణాన్ని రుజువు చేయవు. అందుకే నాకు జన్యు ఆధారం మరింత బలంగా తోస్తుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 3243వ స్థానంలో జరిగే ఒక్క మార్పు మధుమేహాన్నీ చెవుడునూ కలిపి తల్లి ద్వారా సంక్రమింపజేస్తుందని 1992లో తేలింది. కణ శక్తి ఉత్పత్తి కుంటుపడితే క్లోమం, కోక్లియా రెండూ దెబ్బతింటాయన్నమాట.

మధుమేహం ఇన్సులిన్ హార్మోన్‌కు సంబంధించిన వ్యాధే అయినా, వినికిడిపై ప్రభావం విషయంలో హార్మోన్లన్నిటికీ ఈ సూత్రాన్నే వర్తింపజేయలేం. థైరాయిడ్ హార్మోన్ పాత్ర ప్రధానంగా ఎదుగుదల దశది: గర్భంలోనూ పుట్టిన తొలినాళ్లలోనూ అది కొరవడితే కోక్లియా సరిగా పరిపక్వం కాదు. ఈస్ట్రోజన్ చెవికి రక్షణ అని చాలామంది ఆశించారు. కానీ 2017లో వెలువడిన అమెరికా నర్సుల అధ్యయనంలో, మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు ఎక్కువకాలం వాడినవారిలోనే వినికిడి లోపం ఎక్కువగా నమోదైంది. అది వారు స్వయంగా చెప్పిన లోపమే అయినా, వినికిడి కోసం హార్మోన్లు సూచించడానికి ఇప్పుడు ఆధారం లేదు.

మధుమేహం బయటపడినప్పుడే ఒక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష నమోదు) తీసి ఉంచుకుంటే తర్వాతి మార్పును పోల్చుకోవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయంలో ఇది మరీ అవసరం. జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి ఒంట్లో నిలిచిపోతే రోమకణాలను చంపుతాయి. అలాంటి రోగికి వినికిడి పరీక్ష ఆ మందు మొదటి సూదికి ముందే జరగాలి.