బలరాం ఆపిన ఆట



భివండిలో సాంచాల మీద పనిచేసే మన పద్మశాలీలు మీకు కొత్తవారు కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందటే వెళ్ళి పద్మానగర్, కామత్‌ఘర్ వాడల్లో స్థిరపడ్డారు. బహుశా మీ ఇంటి నుంచి కూడా ఒకరు వెళ్ళే ఉంటారు. అక్కడ చాలామందికి కూలి నేసిన బట్ట లెక్కన. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. వేలు తెగితే నలుగురూ చేరి కట్టు కట్టిస్తారు. దూది నూగు పీల్చి దగ్గు పట్టుకుంటే మాత్రం ఎవరూ పట్టించుకోరు. దగ్గేవాడు కూడా దాచుకుంటాడు. కనిపించే గాయానికి ఉన్న గౌరవం కనిపించని జబ్బుకు లేదు. ఫుట్‌బాల్ చరిత్రలోనూ ఇదే జరిగింది. అది చెబుతాను, వినండి.

1962 జకార్తా ఏషియన్ క్రీడలు. మన జట్టుకు కోచ్ హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. థాయిలాండ్‌తో ఆడిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌తో మ్యాచ్‌కు కూర్చోబెట్టారు. సెమీఫైనల్ వచ్చేసరికి రహీం సాబ్ ఆయన్ను వెనకవరుసలో కాక ముందువరుసలో దింపారు. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టారు. స్టేడియంలో జనమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. అది రాజకీయాల గొడవ, దాని జోలికి ఇప్పుడు పోను. 2-1తో బంగారు పతకం మనదే అయింది. ఆ ఆరు కుట్ల కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే.

అదే జట్టు ముందువరుసలో తులసీదాస్ బలరాం ఉన్నారు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. రహీం సాబ్ శిక్షణలో ఎదిగి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. అక్కడ మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో 1-2తో ఓడాం, ఆ ఒక్క గోల్ బలరాందే. పెరూతో 1-3తో ఓడాం, ఆ ఒక్కటీ ఆయనదే. ఫ్రాన్స్‌తో డ్రా అయిన మ్యాచ్‌లో గోల్ పి.కె. బెనర్జీది. అంటే రోమ్‌లో దేశానికి వచ్చిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడ కుర్రవాడివి! 1961లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు కెప్టెన్ అయ్యారు. ఆ ఏడు లీగ్ ఛాంపియన్లు వాళ్ళే. 1962లో అర్జున అవార్డు వచ్చింది.

1963లో ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. ఆట ఆగిపోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. తల మీద కుట్లు లేవు, కాలికి కట్టు లేదు, జనం చెప్పుకోవడానికి ఏమీ లేదు. అదే ఏడు జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. జకార్తా నుంచి వచ్చి ఏడాది కూడా తిరగలేదు.

ఆ రోజుల్లో పి.కె., చుని గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపి పలికేవారు. తర్వాత చునికీ, పి.కె.కీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

దెబ్బ తిన్న ఆటగాణ్ణి చూసుకోవడం ఎలాగో ఐర్లండ్ డిఫెండర్ పాల్ మెగ్రాత్ విషయంలో చూడవచ్చు. ఆయన మోకాళ్ళకు ఎనిమిది ఆపరేషన్లు జరిగాయి. తాగుడు బాధ కూడా ఉండేది. 1989లో మాంచెస్టర్ యునైటెడ్ ఆయన్ను వదులుకుంది. ఆస్టన్ విల్లా తీసుకుంది. వారమంతా కఠిన సాధన చేయించకుండా, మోకాళ్ళను మ్యాచ్ రోజుకు దాచిపెట్టింది. 1993లో ఇంగ్లండు ఆటగాళ్ళంతా ఓటేసి ఆయన్నే ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. మోకాలు కాబట్టి సాధన తగ్గించి నెట్టుకొచ్చారు. ఊపిరి విషయంలో ఆ వీలు లేదు.

బలరాం ఆట ఆపేశారు, బతికారు. రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో ఉండటం వల్ల చేతిలో ఉద్యోగం ఉంది. మైదానం వదిలినా అన్నం ఆగలేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో స్థిరపడి, ఎనభై ఆరేళ్ళు జీవించి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. ఆట ఆపాక అరవై ఏళ్ళు! భివండిలో మీటరు లెక్కన నేసే మన తమ్ముడికి ఆ రైల్వే జీతం లేదు. అందుకే దగ్గుతూనే సాంచా నడుపుతాడు.

దగ్గంతా క్షయ కాదు. నూలు దుమ్ము వల్ల వచ్చే దగ్గు వేరు. సెలవు తర్వాత పనికి వెళ్ళిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టుండటం దాని గుర్తు. ఏది ఏదో డాక్టరు పరీక్షిస్తేనే తేలుతుంది. క్షయ అయితే సర్కారు దవాఖానాలో పరీక్షకూ మందులకూ డబ్బు తీసుకోరు. మామూలుగా ఆరు నెలలు, మధ్యలో మానకుండా వాడాలి. బతుకమ్మకో దసరాకో మీవాడు భివండి నుంచి వచ్చి, రెండు వారాలు దాటినా రాత్రిళ్ళు దగ్గుతూంటే, తిరుగు బస్సు ఎక్కకముందే దవాఖానాకు తీసుకువెళ్ళండి.

సెలవు.